ఓబులమ్మ, భర్త నరసింహులు

ఫోను తెర మీద, పీజీ వైద్య సీట్ల పేజీలో, మొదటి వరుసలో పాథాలజీ ఉంది, రెండో వరుసలో పిల్లల వైద్యం. పక్కనున్న చిన్న గుర్తును వేలితో నొక్కితే రెండోది పైకి వస్తుంది, ఇంకోసారి నొక్కితే తిరిగి కిందికి పోతుంది. ఆ పేజీ పన్నెండింటికి మూసుకుంటుంది. ఇప్పుడు పదకొండు దాటి నాలుగు నిమిషాలు. మహిమకు వచ్చిన ర్యాంకుకు రెండూ అందేవే గనుక, ఆలోగా దేన్ని పైన ఉంచి తాళం వేస్తే వచ్చే మూడేళ్ళు, బహుశా ఆ తరువాతి ముప్పయ్యేళ్ళు, అదే ఆమె బతుకు. పైనున్నది రెండు పగళ్ళు, ఒక రాత్రి రైల్లో కూర్చుంటే గాని రాని ఊళ్ళోని మహా వైద్య సంస్థ. మూడు వేల పడకలంటారు. ఆ మూడు వేల మందిలో ఒక్కరి ముఖమూ ఆమె చూడనక్కరలేదు. వాళ్ళ నుంచి కోసి తీసిన ముక్కలు ఆమె దగ్గరికి వస్తాయి, వాటిని గాజు పలకల మీద చూసి జబ్బుకు పేరు చెప్పడం అక్కడ నేర్పుతారు. కిందున్నది పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరగల కళాశాల. అక్కడ పిల్లలుంటారు, ఏడుస్తారు. పొద్దున్నుంచి ఆ గుర్తును ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకే గుర్తు లేదు. వేలు తీసిన మరుక్షణం కిందికి పోయిందే న్యాయమైనదిగా కనిపిస్తుంది, అది ఏదైనా సరే. మనసు ఒకదాన్ని కోరుతుందా, లేక చేజారేదాని వైపు తిరగడమే దాని స్వభావమా?

ఫోను పాటల పుస్తకం నడుమ ఉంది. పుస్తకం ఒడిలో ఉంది. కింద నాపరాతి నేల చల్లదనం చాప దాటి మోకాళ్ళకు అందుతోంది. కమలాపురం చర్చిలో ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు. నడుమ దారిలో చెప్పుల్లేని పిల్లలు. పక్కన తల్లి విశ్వాసమ్మ కొంగు తల మీదికి లాక్కుని, కూలికి వంగి వంగి అలవాటైన వీపును గోడకు ఆనించకుండానే కూర్చుంది. ముందు మైకు దగ్గర తండ్రి గాబ్రియేలు కృతజ్ఞతా చీటీలు చదువుతున్నాడు. సంఘ పెద్దగా ఇరవై ఏళ్ళుగా అది ఆయన పని. మారెన్న బోరులో నీళ్ళు పడినందుకు. హనుమంతమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టినందుకు. తప్పిపోయిన రెండు గొర్రెలలో ఒకటి దొరికినందుకు. దొరకని గొర్రె సంగతి ఏమిటని మగవాళ్ళ వైపు నుంచి ఎవరో సన్నగా అన్నారు, నవ్వు అలలా పోయింది. గాబ్రియేలు నవ్వలేదు. తరువాతి చీటీ ఆయనదే. దాన్ని ఆయన చదవలేదు, కాగితం మడిచి పట్టుకుని చెప్పాడు. "మా పాప మహిమకు పిల్లల డాక్టరు సీటు రాబోతాండేదానికి." సంఘమంతా ఆమెన్ అంది.

రాబోతున్నదానికి. ఈ సంఘంలో అదొక ఆచారం. పొందిన తరువాత చెప్పే కృతజ్ఞత ఎవరైనా చెప్పగలరు, పొందక ముందే చెప్పేది విశ్వాసం అని పాస్టరు జయకుమార్ అయ్యగారు చెబుతుంటారు. వాన పడక ముందే వానకు కృతజ్ఞత చెల్లించి, పడకపోతే ఆ మాటే ఎత్తకుండా ఊరుకునే మనుషులు వీళ్ళు. వానకు ఇష్టాయిష్టాలు లేవు గనుక అది ఎవరినీ నొప్పించలేదు. తనకు ఉన్నాయి. ఉన్నాయా? వెనక నుంచి లక్ష్మక్క మోకాళ్ళ మీద ముందుకు జరిగి చెవి దగ్గర గుసగుసలాడింది. "పాపా, మా మనమడు ఇంగ నీ చేతికిందనే. సూది నువ్వే ఎయ్యాల. ఏడ్సినా ఇడ్సొద్దు." మహిమ తల ఊపింది. ఆ ఊపడం ఒక అబద్ధమో, ఒక మర్యాదో, లేక అప్పటికి నిజమో ఆమెకు తేలలేదు. లక్ష్మక్క, ఇంకా పదిమంది ఆడవాళ్ళు ఆరు శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. పసుపు చేలల్లో కలుపు తీస్తూ పొద్దు వాలేదాకా మంచినీళ్ళు మాత్రం తాగి, సాయంత్రం ఇదే నేల మీద మోకరించి ఆమె పేరు పలికి అడిగారు. పిల్లల డాక్టరు అని కచ్చితంగా అడిగారు, ఎందుకంటే అడిగేది స్పష్టంగా అడగాలని వాళ్ళ నమ్మకం. వాళ్ళ ఆకలి ఇప్పుడు ఆ రెండో వరుసలో ఉంది. దాన్ని కింద ఉంచేస్తే ప్రార్థన నెరవేరలేదని అనుకుంటారు. నెరవేరబోయినదాన్ని ఈ పిల్ల వేలితో కిందికి నెట్టిందని ఎవరికీ తోచదు. ఆ మంచితనమే భయంగా ఉంది.

పాథాలజీ అనే మాట ఇంట్లో ఒక్కసారి ఎత్తింది. గాబ్రియేలు పళ్ళెంలో చెయ్యి ఆపి విన్నాడు. ముక్క చూసి జబ్బు చెప్పే డాక్టరని ఆమె వివరించింది. ఆయన "బస్టాండుకాడ క్రాంతి కుమార్ రగతం తీసి చీటీ ఇస్తాండాడే, ఆ పనికేనా? దానికి ఇంత సదువు యాలమ్మా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఆ పనికి కాదంది ఆమె. ఎందుకు కాదు? క్రాంతి కుమార్ కూడా మనుషులను సీసాలుగా చూస్తాడు. తేడా ఏమిటో తనకు తెలుసు; తెలిసినదాన్ని తండ్రి భాషలో చెప్పలేకపోవడం తెలియకపోవడం కంటే ఎంత మెరుగు?

అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. పైన ఫంకా ఒక రెక్క వంకరపోయి, ప్రతి చుట్టులోనూ ఒకచోట తడబడుతోంది. పిల్లలు. విశ్వాసమ్మ పుట్టిల్లు కోసిగి. హౌస్‌సర్జన్‌గా పల్లెల్లో పనిచేసే వంతు వచ్చినప్పుడు మహిమకు ఆ పక్క ఊరే దక్కింది. పంటలు లేని నెలలు. వీధి వీధంతా తాళాలు, పని వెతుక్కుంటూ తూర్పుకు వలసపోయిన ఇళ్ళు. మిగిలింది ముసలివాళ్ళు, వాళ్ళ చంకల్లో పిల్లలు. ఒక అవ్వ మూడేళ్ళ పిల్లను తెచ్చింది; పిల్ల దగ్గి దగ్గి నీలబడి ఉంది. మందు ఆవిరి పట్టించినంతసేపూ ఆ పిల్ల మహిమ మెడలోని స్టెతస్కోపు గొట్టాన్ని పిడికిలితో పట్టుకుని వదల్లేదు, ఊపిరి తేలికయ్యాక కూడా. ఆ పిడికిలి బిగువు ఇప్పటికీ మెడ వెనక తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం తాను ఇందుకే పుట్టానని అనుకుంది. అయితే ఆమెకు నచ్చింది పిల్ల ఊపిరా, పిల్ల తనను పట్టుకోవడమా? ఒకరికి మనం కావలసి రావడంలో ఒక తీపి ఉంది. దానికి ప్రేమ అని పేరు పెట్టేముందు కొంచెం ఆగాలి. ఆగితే అది ఏమవుతుంది? పిల్ల బతికింది గదా. తీపి ఎవరిదైతే ఏం? పదకొండూ ఇరవై. వేలు గుర్తు మీదికి పోయింది. పిల్లలు పైకి వచ్చారు.

పైకి వచ్చిన వెంటనే రెండు సీసాలు గుర్తొచ్చాయి. అవి రాకుండా ఏ నిర్ణయమూ పూర్తి కాదు.

అది కోసిగికి ముందు, ఆమె హౌస్‌సర్జన్సీ చేసిన పెద్ద ఆసుపత్రి స్త్రీల వార్డులో. అహోబిలం కొండల కింది ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఆటోలో వచ్చారు, తోడికోడళ్ళు. ఇద్దరికీ రక్తస్రావం. ఇద్దరి పేరూ ఓబులమ్మే. ఆ చుట్టుపక్కల అది వింత కాదు. కొండ మీది దేవుడికి మొక్కి కన్న ప్రతి ఇంట్లో ఒక ఓబులేసో ఓబులమ్మో ఉంటారు. పెద్దామెకు అరవై దాటి ఉంటాయి, చిన్నామెకు నలభై. గర్భసంచి లోపలి పొర నుంచి ఇద్దరికీ ముక్క తీశారు. సీసాల మీద పేర్లు రాయడం మహిమ పని. భర్త పేరు అడిగింది. భార్య భర్త పేరు పలకదు. పెద్దామె పక్కకు చూసి నవ్వి, "కొండమింద సామి పేరే తల్లీ" అంది. మహిమ ఆగకుండా నరసింహులు అని రాసింది. చర్చి ఇంటి పిల్ల ఆ సైగ అంత తొందరగా పట్టుకున్నందుకు ఆమె ముచ్చటపడి చెయ్యి నిమిరింది. రెండో మంచం దగ్గరా అదే ప్రశ్న, అదే పక్కచూపు, అదే జవాబు. మహిమ అదే రాసింది. ఒకరు పెద్ద నరసింహులు, ఒకరు చిన్న నరసింహులు, అన్నదమ్ములు. ఆ పెద్దా చిన్నా వాళ్ళకు ఎంత సహజమంటే చెప్పాలని తోచలేదు. తాను ఎంత మురిసిపోయిందంటే అడగాలని తోచలేదు. వాళ్ళ ఆసుపత్రి నంబర్లు తరువాత వేద్దామనుకుంది. ఎవరో పిలిచారు, పోయింది. వచ్చి రెండు సీసాలకూ నంబర్లు వేసింది. ఓబులమ్మ, భర్త నరసింహులు. ఓబులమ్మ, భర్త నరసింహులు. ఏ సీసా ఏ చేతి పక్కన ఉండిందో ఆ క్షణంలో తెలుసనే అనుకుంది.

మూడో రోజు పాథాలజీ విభాగం నుంచి సుప్రజ మేడం పిలిపించింది. రెండు జతల కళ్ళు ఒకేసారి చూసే సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, చూడమంది. గులాబీ రంగు మైదానంలో మెలికలు తిరిగిన వాగుల్లాంటివి కనిపించాయి. ప్రతి వాగు గట్టునా వరుసగా కణాలు, ఒక్కో కణం కింద ఒక్కో తెల్లటి చుక్క. "ఈ ఫారంలో ముట్లు ఆగి పదేళ్ళయిందని రాసినావు. ఈ పొర అండం విడుదలై రెండు మూడు రోజులైన మనిషిది. పదేళ్ళుగా బీడుపడిన చేనులో పైరెట్ల వచ్చె?" గొంతులో కోపం లేదు. "ఈమె నువ్వు రాసిన మనిషి కాదు మహిమా." రెండో గాజు పలక పెట్టింది. అందులో వాగులు లేవు. కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గట్లు తెంచుకున్నాయి. నలభై ఏళ్ళ ఓబులమ్మ పేరున ఉన్న ఆ క్యాన్సరు పలక అరవై దాటిన ఓబులమ్మది. ఆ చీటీలు అలాగే పోయి ఉంటే చిన్నామె గర్భసంచి ఊరికే తీసేసేవాళ్ళు. పెద్దామెకు ఏమీ లేదని చెప్పి, ఇద్దరినీ అదే ఆటోలో పంపేవాళ్ళు.

పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, పేరు అడిగి, సైగ అర్థం చేసుకుని తాను ఇద్దరినీ కలిపేసింది. ముఖం ఎన్నడూ చూడని మనిషి, ఎక్కడో రెండంతస్తుల పైన, ఈమె ఈమె కాదని చెప్పింది. అయితే ఎవరు ఎవరిని చూసినట్టు? చూడటమంటే దగ్గరగా ఉండటం కాదా? ఆ రోజు నుంచి ఈ ప్రశ్న ఆమెను వదల్లేదు. ప్రశ్న నిజమైనదే. కాని ప్రశ్న వెనక ఇంకొకటి ఉంది, దాన్ని ఆమె ప్రశ్నగా కూడా పలకదు.

రెండోసారి ముక్క తీయాల్సి వచ్చింది. కచ్చితంగా ఎవరిదేదో తేలాలంటే ఇద్దరికీ మళ్ళీ తీయాలంది సుప్రజ మేడం. ఎందుకు తీయాలో రోగులకు చెప్పే పని మహిమకే వదిలింది, చెప్పి ఉంటుందనే అనుకుంది. మహిమ మంచాల దగ్గరికి పోయింది. నోరు తెరిచింది. మొదటిసారి తీసింది చాలలేదట అని చెప్పింది. చాలలేదట. ఆ చివరి అక్షరం మీద ఎంత సులువుగా నిలబడింది, ఎవరో వేరేవాళ్ళు అన్న మాటను తాను మోసుకొచ్చినట్టు. చిన్నామె విసుక్కుంది. మత్తు అంతగా పట్టలేదు ఆ రోజు. బల్ల మీద పెద్దామె మహిమ మణికట్టును పట్టుకుని, పళ్ళు బిగించి, అరవకుండా ఓర్చుకుంది. అయ్యాక, చెమటతో తడిసిన ముఖంతోనే, "పాపం నీకూ రెండు మార్లు పని అయ్యె. నీ కడుపు సల్లగుండ" అంది. ఆమెకు ఆపరేషను అయింది. బాగానే ఉందని విన్నది. బాగానే ఉన్న మనిషికి చెప్పి బాధపెట్టడం ఎందుకు? చెప్పకపోవడం దయ. దయ ఎప్పుడూ ఇంత సౌకర్యంగా ఉంటుందా?

ఆ మూడేళ్ళ పిల్ల పిడికిలి కన్నా ఈ మణికట్టు మీది పట్టు బలమైనది. పదకొండూ ముప్పయ్యారు. అయ్యగారి గొంతు పెరిగి తగ్గింది. ఒక పసిబిడ్డ నిద్రలో ఉలికిపడింది, తల్లి పైట కప్పింది. మహిమ వేలు కదిలింది. పాథాలజీ పైకి వచ్చింది.

భువన ఆ పెద్ద సంస్థలోనే ఉంది, పాథాలజీ రెండో ఏడాది. మహిమ కళాశాలలోనే ఆమెకు రెండేళ్ళు ముందు చదివింది. మొన్న ఫోనులో గంట మాట్లాడింది. మొదటి ఆరునెలలు ముక్కలు కోసే గదిలోనేనట, అవి చెడకుండా పోసే, కళ్ళు మండే మందు వాసన అన్నంలో కూడా వస్తుందట. ఆపరేషను మధ్యలో, మనిషి కడుపు తెరిచి ఉండగా, ముక్కను మంచులా గడ్డకట్టించి కోసి ఇరవై నిమిషాల్లో చెప్పాలట. మన దగ్గర ఏడాదిలో ఒకసారి కనబడేది అక్కడ వారానికి నాలుగుసార్లు కనబడుతుందట. పదిమంది ఒకే పలకను చూసే సూక్ష్మదర్శిని ఉందట. అందరూ ఒకటే చూస్తారు, చూసింది చెప్పమంటే ఎవరికి వాళ్ళు తడుముకుంటారు. "ఈడ నీ సంతకానికి విలువే లేదులే, నీ మింద ముగ్గురు చూస్తారు" అని నవ్వింది. మహిమకు ఆ మాట దగ్గర గొప్ప హాయి కలిగింది. హాయి కలిగినందుకే అనుమానం వచ్చింది. తాను అక్కడికి పోవాలనుకుంటున్నది చూడటం నేర్చుకోవడానికా, తన మీద ముగ్గురు ఉంటారనా, లేక మణికట్టు పట్టుకుని దీవించే మనుషులు అక్కడ ఎదురుపడరనా? మూడూ ఒకే తలుపు గుండా లోపలికి పోతున్నాయి. తలుపు దగ్గర నిలబడి ఒకదాన్ని ఆపి మరొకదాన్ని పంపడం ఎట్లా? పోనీ పిల్లల వైద్యం? అక్కడికి పోయేది ప్రేమతోనా, ప్రాయశ్చిత్తంతోనా, లక్ష్మక్క ఆకలికి తలవంచా? అక్కడా మూడే. మంచి కారణం దొరికాక మంచి పని చేద్దామని కూర్చున్న మనిషి ఎంతసేపు కూర్చోవచ్చు?

హౌస్‌సర్జన్సీ ముగిసి, వెళ్ళొస్తానని చెప్పడానికి పోయినప్పుడు సుప్రజ మేడం గాజు పలక మీది నుంచి తల ఎత్తకుండానే మాట్లాడింది. మా దారిలోకి రాకు, ఇక్కడ దండం పెట్టేవాళ్ళు కూడా ఉండరని ఆటపట్టించింది. తరువాత, ఎప్పుడైనా అనుమానం వస్తుందా అని మహిమ అడిగితే, రోజూ వస్తుందంది. మరి సంతకం ఎట్లా పెడతారు? "సంతకం పెడితే అనుమానం పోయిందని కాదు. రేపు ఎవరన్నా వచ్చి ఇది రాసిందెవరని అడిగితే, నేనే అని చెప్తానని." ఆ రోజు అది తెలివైన మాటగా వినిపించింది. ఈ రోజు ఎందుకో ఊపిరి అందనివ్వని మాటగా ఉంది.

పదకొండూ నలభై తొమ్మిది. అయ్యగారు ముగింపు ప్రార్థనకు తలలు వంచమన్నారు. అందరి కళ్ళూ మూసుకున్నాయి. మహిమ కళ్ళు తెరిచి ఉన్నాయి. తాళం గుర్తు నొక్కింది. కచ్చితంగా ఇదేనా అని తెర అడిగింది. అవును, కాదు. ఆ రెండింటి నడుమ ఏమీ లేదు. పాథాలజీ పైన ఉంది. అది తాను కోరి పెట్టిందో, గుర్తు నొక్కే ఆటలో ఆ వంతున పైకి వచ్చి ఉన్నదో ఆమె చెప్పలేకపోయింది. కచ్చితం అనేది ఎట్లా ఉంటుందో చూద్దామని లోపల వెతికింది. ఫంకా తడబడే చప్పుడు తప్ప ఏమీ దొరకలేదు. వేలు అవును అన్న మాట మీద పడింది. వరుసలు రెండూ బూడిద రంగుకు మారి, వేలికి స్పందించడం మానేశాయి. ఉపశమనం వస్తుందనుకుంది. రాలేదు. దుఃఖం వస్తుందనుకుంది. అదీ రాలేదు.

"పెడ్తివా?" పక్కనుంచి విశ్వాసమ్మ. కళ్ళు మూసుకునే ఉంది. ఎంతసేపటి నుంచి తెలుసో.

"పెడ్తినమ్మా."

"ఏది?"

"ముక్కలు చూసేది."

విశ్వాసమ్మ కళ్ళు తెరిచింది. కోపం రాలేదు ఆ ముఖంలోకి, ఆశాభంగం కూడా కాదు. కొత్త చేనులో ఏది పైరో ఏది కలుపో తేల్చుకునేముందు చూసే చూపు. "అట్లయితే నీ తావుకు ఎవురూ రారు."

"రారు. వాళ్ళ ముక్క వస్తాది, సీసాలో."

"వాళ్ళు నిన్ను సూడరు. నువ్వు వాళ్ళను సూడవు."

"ఊఁ."

తల్లి చాప అంచు నుంచి ఒక పుల్ల లాగింది. అయ్యగారి ప్రార్థన జబ్బున పడినవాళ్ళ పేర్ల మీదుగా సాగుతోంది. "మరి నువ్వు తప్పు జేస్తే," అంది విశ్వాసమ్మ మెల్లగా, "వాళ్ళకెట్ల తెలుస్తాది?"

ఆమె చదువుకున్నది నాలుగో తరగతి వరకు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, భువన అడగలేదు, మేడం అడగలేదు, తానూ తనను అడగలేదు.

"తెలీదు. నేనే చెప్పాల."

"చెప్తావా?"

చెప్తాను అన్న మాట నాలుక మీదికి వచ్చింది, సిద్ధంగా, నునుపుగా. ఎంత నునుపుగా ఉందంటే మహిమకు దాన్ని చూసి భయమేసింది. దాన్ని మింగింది. దాని కింద ఇంకో మాట ఉంది.

"ఒకసారి చెప్పలేదమ్మా."

దీవెనకు నిలబడమన్నారు అయ్యగారు. చీరల రెపరెప, వెనక ముసలివాళ్ళ కుర్చీల కీచు, సంఘమంతా లేచింది. మహిమ సగం లేచి తల్లి వైపు చూసింది. విశ్వాసమ్మ లేవలేదు. నేల మీద అరచేయి ఆనించి అలాగే కూర్చుంది, బిడ్డ కూడా కూర్చునేదాకా.

"ఎవురికి?" అంది.

చుట్టూ నిలబడిన చీరల నడుమ, ఎవరికీ కనబడని ఆ చిన్న చోటులో, మహిమ చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక ఆటో దగ్గరి నుంచి మొదలుపెట్టింది. దీవెన వాళ్ళ తలల మీదుగా పోయింది. ఇద్దరిలో ఎవరూ ఆమెన్ అనలేదు.